అనుబంధం ‘ఉ’

నివేదిక ఎంత లావుగా ఉన్నా పేజీలక్క దాన్ని వెనక నుంచే మొదలుపెట్టేది. ముందు అనుబంధాలన్నీ విడదీసి పెద్ద బల్ల మీద వరసగా పరిచేది. వాటి నెత్తిన అ, ఆ, ఇ, ఈ అని పసుపు చీటీలు అంటించేది. అప్పుడు గానీ అసలు నివేదిక చేతిలోకి తీసుకునేది కాదు. మొదటి పేజీ నుంచి వేలు పెట్టుకుని చదువుతూ, ‘అనుబంధం అ చూడండి’ అన్న మాట తగలగానే దాని కింద పచ్చ పెన్సిలుతో గీత గీసి, బల్ల మీదున్న అ కాగితాల మూలన ఒక టిక్కు పెట్టేది. ఆ మాటకు ఆమె పెట్టుకున్న పేరు పిలుపు. లోపల పిలుపు ఉంటే వెనక అనుబంధం ఉంటుంది, లేకపోతే ఊడిపోతుంది. పెట్టింది చీఫ్ గారైనా సరే, ఇందులో మొహమాటం లేదు.

పాత భవనాలను తట్టి, కొలిచి, ఇంకెంతకాలం నిలబడతాయో చెప్పే ఆఫీసు అది. ఇంజనీర్లు రాస్తారు, ఆమె కూరుస్తుంది. ముప్పై పేజీలు దాటిన నివేదికను ఏ కమిటీ ముట్టుకోదు కాబట్టి ప్రతివాడూ ముప్పైలోకి ఇమడనిదంతా తెచ్చి అనుబంధాల్లో కుక్కేవాడు. అనుబంధాలు లెక్కలోకి రావు కదా! ఒకాయన ఒకసారి మెట్ల ఫొటోలు నలభై తెచ్చి పెట్టాడు. “వీటిని ఎవరు పిలిచారండీ?” అని అడిగి నలభయ్యీ ఆయన చేతిలోనే పెట్టింది. అప్పటినుంచీ ఇంజనీర్లకు ఆమె అంటే హడలు. ఏ అనుబంధానికి ఏ పేజీలో పిలుపు ఉందో రాసిన జాబితా మీద ఆమె సంతకం పడందే ఏ నివేదికా ప్రింటుకు వెళ్ళకూడదని చీఫ్ గారే రూలు పెట్టారు. ప్రతి నివేదిక చివరి పేజీలో ‘సకాలంలో, ఏ లోపమూ లేకుండా ఈ నివేదికను కూర్చినందుకు కృతజ్ఞతలు’ అంటూ ఆమె పేరుతో రెండు లైన్లు వేయించేదీ ఆయనే. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ రెండు లైన్లూ చూసినప్పుడల్లా ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఆ మంగళవారం చీఫ్ గారు తెచ్చి బల్ల మీద పెట్టిన చిత్తుప్రతి మాత్రం మామూలు నివేదిక కాదు. లైబ్రరీ విచారణ నివేదిక. మూడు వారాల కిందట తెల్లవారుతుండగా లైబ్రరీ ఉత్తర వరండా పైకప్పు నుంచి పెద్ద పెళ్ళ ఊడి, కింద తుడుస్తున్న మనిషి కాలు రెండు చోట్ల విరిగింది. పద్నాలుగు నెలల ముందే ఆ భవనాన్ని పరీక్షించి, ఫరవాలేదని చెప్పింది ఈ ఆఫీసే.

“శుక్రవారం పదకొండింటికి కమిటీ. గురువారం సాయంత్రానికి ప్రింటుకు వెళ్ళిపోవాలమ్మా” అన్నారు చీఫ్ గారు. నిలబడే చెప్పి, నిలబడే వెళ్ళిపోయారు.

అలవాటు ప్రకారం ఆమె అనుబంధాలు పరిచింది. అ, ఫొటోలు. ఆ, ఆసుపత్రి కాగితాలు. ఇ, పాత నివేదిక నకలు. ఈ, పరీక్ష చేసిన ఉద్యోగి సంజాయిషీ. ఒక్కొక్క పిలుపుకూ టిక్కు పెట్టుకుంటూ పంతొమ్మిదో పేజీ దాకా వచ్చింది. అక్కడ, నాలుగో అధ్యాయం మూడో పేరాలో పెన్సిలు ఆగిపోయింది.

‘క్షేత్రపరీక్ష చేసిన ఉద్యోగి ఉత్తర వరండా పైకప్పుకు సంబంధించి ఎలాంటి రీడింగులూ సమర్పించలేదు. ప్రమాదానికి ఇదే ప్రధాన కారణం.’

ఆ ఉద్యోగి అంటే సుత్తి మాస్టారు. మాటలతో సుత్తి కొట్టే రకం అనుకునేరు, ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆయన చేతిలో ఉండేది నిజం సుత్తే, జానెడు పొడవుది. దాంతో గోడనూ పైకప్పునూ అంగుళం అంగుళం తట్టుకుంటూ, చెవి ఒగ్గి వింటూ పోయేవాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, బోలుగా ఉన్నచోట డొబడొబమంటుంది. బోలు వినబడితే అక్కడ నీలం మైనపు చాక్‌పీసుతో సున్నా చుట్టి, నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఆయన అంకె ఏడు రాస్తే నడుముకు అడ్డగీత ఉండేది.

ఆ అడ్డగీత ఏడులే పేజీలక్క కళ్ళ ముందు మెదిలాయి. వరండా అన్న మాట పక్కన, ఒకదాని కింద ఒకటిగా. తను చూసింది. ఎప్పుడు, ఎక్కడ అంటే చెప్పలేదు గానీ చూసింది. కుర్చీలో కూర్చోలేకపోయింది. పెన్సిలు జడలో గుచ్చుకుని మెట్లు దిగింది.

సుత్తి మాస్టారిని విచారణ తేలేదాకా స్టోర్ రూములో కూర్చోబెట్టారు. పాత పెట్టెలకు కొత్త నంబర్లు అంటించే పని. నలభై ఏళ్ళు పైకప్పులు విన్న మనిషి జిగురు సీసా ముందు పెట్టుకుని, చీటీని నాలుగు మూలలా బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాడు. గది మధ్య వేలాడే బల్బు వెలుతురు ఆయన బట్టతల మీదే సగం పడుతోంది.

“మాస్టారూ, ఆ లైబ్రరీ వరండా రీడింగులు మీరు ఇచ్చారా లేదా?”

 చీటీ అంటించడం పూర్తిచేసి, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

“ఇచ్చాననే గుర్తమ్మా. నాలుగు కాగితాలు, పుస్తకంలోంచి చింపి ఇచ్చాను. మూడు చోట్ల బోలు, ఒకచోట బాగా బోలు. కానీ అచ్చయిన దాంట్లో లేవు. అందరూ లేవంటుంటే, ఇచ్చానని నేననుకోవడమేనేమో. వేరే బిల్డింగువి ఇచ్చి ఇవి ఇచ్చాననుకున్నానేమో. వయసు అరవైకి దగ్గర పడింది కదా.”

“అదేంటండీ, మీకే నమ్మకం లేకపోతే ఎలా?”

“చెవిని నమ్ముకుని బతికినవాణ్ణి. బుర్రను ఎప్పుడూ పరీక్షించుకోలేదు” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “శుక్రవారం తీసేస్తారటగా?”

ఆమె పైకి వచ్చేసింది. ఒళ్ళు మండిపోతోంది. ఇదంతా చీఫ్ గారి పనే అని తీర్మానించుకుంది. భవనం బాగానే ఉందని రాయడానికి ఆ కాగితాలు అడ్డమొచ్చి ఉంటాయి, పీకేసి ఉంటారు. నిలబడి చెప్పి నిలబడి వెళ్ళిపోవడంలోనే తెలిసిపోవడం లేదూ? సాయంత్రం దాకా ఆమె చేసిన పనంతా మనసులో చీఫ్ గారిని దులిపెయ్యడమే. ఒక పేరా మూడుసార్లు టైపుచేసి మూడుసార్లు తప్పుకొట్టింది.

ఇంట్లో ముందు గదిలోనే భర్త గడియారాల రిపేరు దుకాణం. కంటికి గొట్టం అద్దం తగిలించుకుని, అరచేతిలో ఎవరిదో చేతి గడియారం విప్పి కూర్చున్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అతను తల ఎత్తకుండానే విన్నాడు.

“ఆయనే తీశాడని నీకెలా తెలుసు?”

“ఇంకెవరు తీస్తారండీ?”

“ఇదిగో, ఇది చూడు.” గొట్టం అద్దం తీసి ఆమె కంటికి పెట్టాడు. వెంట్రుకంత స్క్రూ, దాని తల మీద గీతలు. “నాకంటే ముందు ఎవడో విప్పాడు. వాడి దగ్గర సరైన స్క్రూడ్రైవర్ లేదు, జారింది. ఎవరు విప్పినా గీతలు మిగులుతాయి. మీ దగ్గర గీతలుండవా?”

ఎందుకుండవు? దిద్దుబాట్ల ప్రతి ఉంటుంది. అచ్చుకు ముందు అందరూ దిద్దిన ప్రతిని మూడేళ్ళ దాకా పెట్టెలో దాచాలని రూలు. చీఫ్ గారిది ఎర్ర సిరా, ఇంజనీర్లది నీలం. ఎర్ర గీతలు దొరికితే చాలు. ఆమె అప్పుడు చెప్పులు విప్పింది.

బుధవారం అందరికంటే ముందే ఆఫీసుకు వెళ్ళింది. స్టోర్ రూములో మాస్టారు అప్పటికే ఉన్నాడు.

“రెండువందల పద్నాలుగో నంబరు పెట్టె కావాలండీ.”

ఏ భవనందని ఆయన అడగలేదు. పెట్టెల మీద నంబర్లే గానీ పేర్లుండవు. స్టూలు జరుపుకుని, పైకెక్కి, పై అరలో ఆయన కూర్చునే కుర్చీకి సరిగ్గా నెత్తిమీదున్న పెట్టెను రెండు చేతులా దించాడు. దుమ్ము ఆమె మీద పడుతుందని అటు తిరిగి తువ్వాలుతో దులిపాడు.

“బరువుగా ఉందమ్మా, నేను తెచ్చిపెడతా” అని మెట్లన్నీ ఎక్కి ఆమె బల్ల మీద పెట్టి, ఆయాసపడుతూ దిగిపోయాడు.

ఆమె తాడు విప్పింది. వెనక నుంచే మొదలుపెట్టింది, అలవాటు ఎక్కడికి పోతుంది? అనుబంధం ఊ, పునాది పటాలు. దాని కింద నాలుగు కాగితాలు, గీతల నోటు పుస్తకంలోంచి చింపినవి, ఒక పక్క చిల్లులు. వంకర చేతిరాత. నడుముకు అడ్డగీత ఉన్న ఏడులు. ‘ఉత్తర వరండా పైకప్పు. మూడు చోట్ల బోలు. మూడోది పెద్దది, బెత్తెడు కాదు, బారెడు. వెంటనే చూడాలి.’ వెంటనే అన్న మాట కింద రెండు గీతలు.

ఇచ్చాడు. మాస్టారు ఇచ్చాడు! ఆమెకు లేచి మెట్లు దూకుతూ వెళ్ళి చెప్పాలనిపించింది. సగం లేచింది కూడా. అప్పుడు ఆ మొదటి కాగితం కుడి మూల కనబడింది.

టిక్కు లేదు. టిక్కు ఉండాల్సిన చోట చిన్న అక్షరాలు. ‘పిలుపు లేదు. తీసేశాను. ఊ ను ఉ గా మార్చాను.’ కింద తేదీ, పొట్టి సంతకం. పచ్చ పెన్సిలు.

ఆఫీసు మొత్తానికీ పచ్చ పెన్సిలు వాడేది ఒక్కతే.

ఆమె కాసేపు ఆ కాగితాన్ని అలాగే పట్టుకుంది. తర్వాత గబగబా ముందు పేజీల్లోకి వెళ్ళింది. పిలుపు లేకపోతే తీసేశాను, అందులో నా తప్పేముంది? పిలుపు పీకినవాడిదే తప్పు. వరండా సంగతి ఉన్న పేజీలో ఎర్ర సిరా ఉంటుంది, ఉండి తీరాలి. పేజీలు తిప్పుతుంటే వేళ్ళకు తడి చాలలేదు.

పన్నెండో పేజీలో రెండు లైన్లు కొట్టేసి ఉన్నాయి. ‘ఉత్తర వరండా పైకప్పు రీడింగులకు అనుబంధం ఉ చూడండి. పూర్తి వివరాలు అక్కడ ఉన్నందున ఇక్కడ మళ్ళీ రాయడం లేదు.’ స్కేలు పెట్టి తీర్చిదిద్దినట్టు కొట్టేసి ఉన్నాయి. పచ్చగా. పక్కన మార్జిన్లో ఆమె దస్తూరీయే: ‘2 లైన్లు తగ్గాయి. 30 పేజీలు సరి.’

అప్పుడు అంతా గుర్తొచ్చింది, గుర్తొచ్చి ఊరుకోలేదు, పూసగుచ్చినట్టు కళ్ళకు కట్టింది. ఆ వారం చేతిలో ఆరు నివేదికలు. ఇది ముప్పై ఒకటో పేజీలోకి రెండు లైన్లు పొంగింది. చీఫ్ గారికి ఫోను చేస్తే, “ఎక్కడో ఓ రెండు లైన్లు మీరే తగ్గించండమ్మా, విషయం పోకుండా” అన్నారు. విషయం పోకుండానే కదా తగ్గించింది! ఆ రెండు లైన్లలో విషయమేదీ లేదు. వట్టి దారి చూపే లైన్లు. కొట్టేసి, హమ్మయ్య అనుకుని, బాక్సు తెరిచి అన్నం తింది. మర్నాడు పొద్దున, ఎప్పటిలాగే, వెనక నుంచి మొదలుపెట్టి పిలుపులు సరిచూసింది. ఉ కి పిలుపు లేదు. తీసి పారేసింది. ఊ ను ఉ చేసింది. వరసలో ఎక్కడా ఖాళీ కనబడకుండా అంత నీటుగా చేసింది. జాబితా మీద సంతకం పెట్టింది. తన చేత్తో పిలుపును చంపి, తన చేత్తోనే పిలుపు లేదని రాసింది.

ఆ రోజు ఆమె ఒకచోట కాలు నిలపలేదు. నీళ్ళు తాగడానికని లేచేది, తాగకుండా వచ్చేది. మూడుసార్లు మెట్ల దాకా వెళ్ళింది. మూడోసారి నాలుగు మెట్లు దిగింది కూడా. కింద జిగురు సీసా మూత పెట్టిన చప్పుడు వినబడింది. మళ్ళీ ఎక్కేసింది. ఎవరికీ తెలియదు. పెట్టెకు తాడు కట్టేసి పై అరలో పెట్టిస్తే ఇంకో రెండేళ్ళలో రూలు ప్రకారమే ముక్కలు చేస్తారు. మాస్టారు ఎలాగూ వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఆయనే అన్నాడు కదా, ఇవ్వలేదేమోనని. ఇలాంటి ఆలోచనలు తనకు వస్తాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు. వచ్చాయి, వచ్చి బంధువుల్లా తిష్ఠ వేశాయి.

సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భర్త అడిగాడు, “గీతలు దొరికాయా?”

“దొరికాయి.”

“ఎవరివి?”

“నావేనండీ.”

అతను మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఏదైనా అంటాడేమోనని చూసింది. తిట్టినా బాగుండేది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. ఎందుకు వెళుతోందో తనకే తెలియదు. కాలు విరిగిన మనిషిని చూస్తే ఏదో ఒకటి తేలుతుందనుకుంది కాబోలు. చివరి మంచం. తొడ దాకా కట్టు, కట్టు చివర బయటికి కనబడే ఐదు వేళ్ళు. నలభై ఏళ్ళుంటాయేమో, గొంతు మాత్రం ఖంగుమంటోంది.

“మీరెవరమ్మా?”

“ఆ రిపోర్టులు రాసే ఆఫీసు నుంచి” అంది పేజీలక్క. బిస్కెట్ల పొట్లం మంచం పక్కన పెట్టి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది.

“మీ ఆఫీసాయన రోజూ వస్తాడు, ఆ సుత్తి ఆయన. సాయంత్రం అయిదింటికి వచ్చి, అదిగో, ఆ గుమ్మం దగ్గర నిలబడతాడు. నేను మొహం గోడకు తిప్పేసుకుంటా. కాసేపు చూసి వెళ్ళిపోతాడు. ఏం మనిషమ్మా ఆయన? వరండా అంతా తట్టి తట్టి చూశాడంట, కాగితం మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదంట. మీవాళ్ళే చెప్పారు.”

పేజీలక్క ఆ గుమ్మం వైపు చూసింది.

“ఇంకో సంగతి చెప్పనా? ఆ కప్పు మీద నీలం రంగు సున్నా ఒకటుండేది. ఇంత పెద్దది. రోజూ తుడుస్తూ చూసేదాన్ని. ఎవరో చదువుకునే పిల్లలు ఆకతాయిగా గీశారనుకున్నా. ఒకసారి కర్రకు గుడ్డ కట్టి తుడిచేద్దామని కూడా చూశా, పోలేదు. సరిగ్గా ఆ సున్నాయే నా మీద పడింది. అదేంటో నాకెవరైనా ఒక్క మాట చెప్పుంటే దాని కిందికి వెళ్ళేదాన్నా?”

“వెళ్ళేదానివి కాదమ్మా” అంది పేజీలక్క. ఇంకేమైనా అంటే ఏడ్చేసేలా ఉంది. బయటికి వచ్చి, బస్సు కోసం ఆగకుండా నడిచింది. మాస్టారు చెప్పవలసిందంతా చెప్పాడు. కప్పు మీద చెప్పాడు, కాగితం మీద చెప్పాడు. రెండింటినీ కలిపే రెండు లైన్లను మాత్రం తను కొట్టేసింది.

ఆఫీసుకు వచ్చి ఆమె రాసిచ్చిన వాంగ్మూలాన్నీ, పెట్టెలోంచి తెచ్చిన నాలుగు కాగితాలనూ చీఫ్ గారు చదివి, కళ్ళద్దాలు తీసి, రుమాలుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివారు. ఆయన మొహం చూస్తే ఆమెకు అర్థమైంది, ఈ కాగితాల సంగతి ఆయనకు నిజంగానే తెలియదు. మంగళవారమంతా మనసులో ఆయన్ని తిట్టిన తిట్లు గుర్తొచ్చి సిగ్గేసింది.

“చివరి ప్రతి మీద నా సంతకం కూడా ఉంది” అన్నారాయన మెల్లగా.

“ఉందండీ.”

“చదవలేదు. మీరు చూశాక నేనెప్పుడూ చదవను.” కాగితాలు బల్ల మీద పెట్టారు. “దీనివల్ల మీ ఉద్యోగం పోవచ్చు, తెలుసా?”

“తెలుసండీ.”

“ఆయన వచ్చే ఏడాది ఎలాగూ ఇంటికి వెళ్ళేవాడే కదమ్మా. కొంచెం ముందు వెళతాడు, అంతే.”

“ఊరికే వెళ్ళడండీ. ఆ కాలు తనే విరగ్గొట్టానని అనుకుంటూ వెళతాడు.”

చీఫ్ గారు కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చారు. బల్ల మీది పిన్నుల డబ్బా అటు జరిపి ఇటు జరిపారు.

“సరే, ఒక పని చేద్దాం. ఈ కాగితాలు, మీరు రాసిచ్చిన వాంగ్మూలం, రెండూ వెనక అనుబంధంగా పెట్టెయ్యండి. ఉ అవుతుంది. లోపల మాత్రం ఒక్క అక్షరం మార్చొద్దు. మీరు దాచలేదు, నేను దాచలేదు. చదవదలుచుకున్నవాళ్ళు చదువుకుంటారు.”

ఆ మాట వినగానే ఆమె ఒళ్ళు తేలికైంది. సిగ్గులేకుండా తేలికైంది. నిజం నివేదికలోనే ఉంటుంది, అచ్చులో ఉంటుంది, కమిటీలో ఎవరూ అంత వెనక్కి వెళ్ళరు. మాస్టారి కాగితాలు మాస్టారివి, తన ఉద్యోగం తనది. “అలాగేనండీ” అని కాగితాలు తీసుకుంది. అలవాటుగా జడలోంచి పెన్సిలు తీసి, మొదటి కాగితం మూలన టిక్కు పెట్టబోయింది. మూలన ఖాళీ లేదు. ‘పిలుపు లేదు. తీసేశాను.’

“ఏ పేజీలో పిలుద్దామండీ దీన్ని?”

“పిలవక్కర్లేదన్నాను కదా.”

“పిలుపు లేని అనుబంధం పెట్టనండీ.”

“ఈ ఒక్కసారికి పెట్టండమ్మా.”

“ఈ ఒక్కసారికి అని అప్పుడు అనుకునుంటే ఆమె కాలు విరిగేది కాదండీ. మాస్టారి కాగితాలకు పిలుపు లేదని పీకి పారేశాను. ఇప్పుడు నా కాగితాలకు పిలుపు లేకుండా చోటు ఎలా ఇస్తాను?” చిత్తుప్రతి తెరిచి ఆయన ముందు పెట్టింది. “పంతొమ్మిదో పేజీలో ఆ రెండు వాక్యాలు అబద్ధం. అవి అలాగే ఉంటే జాబితా మీద సంతకం పెట్టను.”

ఆ సంతకం లేనిదే ప్రింటుకు వెళ్ళదు. రూలు ఆయనదే. ఆ సంగతి గుర్తుచెయ్యవలసిన అవసరం ఇద్దరికీ లేకపోయింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

చాలాసేపటికి చీఫ్ గారు కలం మూత తీశారు. పంతొమ్మిదో పేజీ ముందుకు లాక్కుని, ఎర్ర సిరాతో ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, పైన రాశారు. ‘ఉద్యోగి ఉత్తర వరండా రీడింగులు సమర్పించారు. అవి కూర్పు దశలో తొలగిపోయాయి. ఆ కాగితాలకూ వాంగ్మూలానికీ అనుబంధం ఉ చూడండి. తుది ప్రతిని సరిచూడకుండా సంతకం చేసిన బాధ్యత ఈ కార్యాలయానిది.’ చివరి వాక్యం దగ్గర కలం కాసేపు ఆగింది గానీ రాశారు.

ఆమె చదివి, రెండో వాక్యాన్ని పచ్చ పెన్సిలుతో కొట్టి, ‘కూర్పు చేసిన ఉద్యోగి వాటిని తొలగించారు’ అని దిద్దింది.

“రెండు లైన్లు పెరిగాయి. ముప్పై దాటుతుందేమో” అన్నారు చీఫ్ గారు.

“దాటదండీ.”

తన బల్ల దగ్గరికి వచ్చి చివరి పేజీ తీసింది. ‘సకాలంలో, ఏ లోపమూ లేకుండా ఈ నివేదికను కూర్చినందుకు’ అన్న రెండు లైన్లూ అక్కడ ఎప్పటిలాగే ఉన్నాయి. స్కేలు తీసుకుని, నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటి కొట్టేసింది. ముప్పై పేజీలు సరిపోయాయి.

శుక్రవారం పదకొండింటికి కమిటీ గది తలుపులు మూసుకున్నాయి. లోపల ముగ్గురు సభ్యులు, చీఫ్ గారు. బయట చెక్క బెంచీ మీద సుత్తి మాస్టారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. నిన్న సాయంత్రమే చెప్పాలని స్టోర్ రూముకు వెళితే గదికి తాళం వేసి ఉంది. అయిదయింది కదా, ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు.

ఆమె పక్కన కూర్చుని, నివేదిక కాపీ ఆయన ఒళ్ళో పెట్టింది.

“చదవండి మాస్టారూ. పంతొమ్మిదో పేజీ.”

“చదివి ఏం చేస్తానమ్మా.”

“చదవండి.”

ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి చదివాడు. అర్థం కానట్టు మళ్ళీ చదివాడు. తర్వాత బోలెడు పేజీలు ఒక్కసారిగా తిప్పి వెనక్కి వెళ్ళాడు. అనుబంధం ఉ. తన వంకర రాత. తన ఏడులు. వెంటనే అన్న మాట కింద తను గీసిన రెండు గీతలు. వేలు ఆ గీతల మీద పెట్టి అటూ ఇటూ రుద్దాడు, నిజమో కాదో తేల్చుకుంటున్నట్టు.

“ఇచ్చాను” అన్నాడు.

“ఇచ్చారండీ.”

“ఇచ్చాను కదా! నేను ఇచ్చాను.” కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. “మూడు వారాల నుంచి ఇంట్లో గ్యాసు కట్టానా లేదా అని కూడా మా ఆవిణ్ణే అడుగుతున్నానమ్మా. తాళం వేసి మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూస్తున్నా. బుర్ర పోయిందనుకున్నా.”

తర్వాత ఆ మూలనున్న చిన్న అక్షరాల దగ్గరికి వచ్చాడు. కాపీలో పచ్చదనం లేదు, నల్లగానే అచ్చయింది. అయినా ఆ పొట్టి సంతకం ఆఫీసులో ఎవరికి తెలియదు? చదివాడు. ఆమె వైపు చూడలేదు.

“నేనే మాస్టారూ. రెండు లైన్లు ఎక్కువయ్యాయని పిలుపు కొట్టేశాను. మర్నాడు పిలుపు లేదని కాగితాలు తీసేశాను. పెట్టె మీ నెత్తిమీదే ఉంది. మీచేతే దింపించాను. బుధవారమే తెలిసింది, రెండు రోజులు చెప్పలేకపోయాను.”

 నివేదిక మూసి, బెంచీ మీద కొంచెం అవతలికి జరిగాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత చోటు ఏర్పడింది. ఆ చోటు వైపే చూస్తూ కూర్చుంది పేజీలక్క. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది, కానీ ఆయన అవతలికి జరిగాక ఇక అడిగే హక్కు తనకు లేదనిపించింది.

మూసిన తలుపు వెనక మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒక చప్పుడు వినబడింది. ముగ్గురు మనుషులు ముందూ వెనకా బోలెడు పేజీలు ఒక్కసారిగా తిప్పిన చప్పుడు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ గదిలోంచి ఆ చప్పుడు ఆమె ఒక్కసారి కూడా వినలేదు. పక్కన మాస్టారు తల ఎత్తాడు. ఆయనా వింటున్నాడు, పైకప్పు విన్నట్టు, చెవి కాస్త అటు వంచి.

తలుపు తెరుచుకుంది. గుమాస్తా బయటికి తొంగిచూసి అడిగాడు, “ఈ ఉ లో వాంగ్మూలం రాసింది ఎవరండీ? లోపలికి రమ్మంటున్నారు.”

ఆమె లేచింది. సంచీ భుజాన వేసుకోబోతే పట్టీ జారింది. మళ్ళీ వేసుకుంది, మళ్ళీ జారింది.

“సంచీ ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా” అన్నాడు సుత్తి మాస్టారు, ఇంకా తలుపు వైపే చూస్తూ. “నేను చూసుకుంటాలే.”

ఆమె సంచీని ఆయన పక్కన, ఆ ఖాళీ చోట్లో పెట్టి లోపలికి వెళ్ళింది.